ఐదో తరగతి గురుకులం సీటు కోసం మేం నడిచిన దారి: నా అనుభవం

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ల పాపకు 2025లో తెలంగాణ బీసీ గురుకులంలో, అంటే ప్రభుత్వ హాస్టల్ బడిలో, ఐదో తరగతి సీటు వచ్చింది. ప్రవేశ పరీక్ష సంగతి తెలిసింది 2024 డిసెంబరులో. పాపను స్కూల్లో దింపి వచ్చింది 2025 జూన్‌లో. ఇందులో పరీక్షకు పట్టింది రెండు గంటలే. మిగతా అంతా కాగితాలు, ఎదురుచూపులు, ఊరికి ప్రయాణాలు, కోత పడిన జీతాలు. మీ ఇంట్లో పనిచేసే వాళ్లకో, మీ వీధిలో ఎవరికో నాలుగో తరగతి చదివే పిల్లలుంటే ఇది పనికొస్తుందని రాస్తున్నాను. పాప పేరూ, వాళ్ల ఊరి పేరూ రాయడం లేదు.

వాళ్లది పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఊరు. పాప రెండో తరగతిలో ఉండగా తల్లిదండ్రులు భవనాల పనికి పుణె వెళ్లారు, పాపను కూడా తీసుకెళ్లారు. ఆ ఏడాది చదువు అలా పోయింది. తర్వాత హైదరాబాద్ వచ్చి మా దగ్గర వాచ్‌మన్‌గా చేరారు. ఆయనకు నెలకు తొమ్మిది వేలు. ఆమె మా బిల్డింగ్‌లోనే నాలుగిళ్లలో పనిచేస్తుంది. పాప దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చదువుతోంది. ఆ బడిలో ఐదుతో ఆఖరు. తర్వాత ఎక్కడ అన్నది వాళ్లకు ఎప్పుడూ ఒక బెంగ.

డిసెంబరు మూడో వారంలో ఆమె నా చేతిలో ఒక చీటీ పెట్టింది. హెడ్ మేడమ్ రాసిచ్చిందట. ఆధార్, కులం, ఆదాయం, ఫొటో, బోనఫైడ్ అని వరసగా ఉంది. "మేడమ్, పిల్లకు పరీక్ష ఉందట. సీటొస్తె తిండి, బట్ట, సదువు అంతా సర్కారోళ్లే సూస్కుంటరట. ఇయ్యన్ని యాడ దొరుకుతయి?" అని అడిగింది. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. కాగితాలతో పని నాకు కొత్త కాదు. నేను చూస్తానులే అన్నాను.

ఆధార్ కార్డు తెప్పించి చూస్తే పుట్టిన తేదీ 01-01-2014 అని ఉంది. ఆ ఏడాది నిబంధనల ప్రకారం బీసీ పిల్లలైతే 2014 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు రెండేళ్ల సడలింపు ఉంది, బీసీలకు లేదు. అంటే ఆ కార్డు ప్రకారం పాపకు దరఖాస్తు చేసే అర్హతే లేదు. నిజంగా ఎప్పుడు పుట్టిందని తల్లిని అడిగాను. "ఆ ఏడు దీపావళి అయినంక పది పదిహేను దినాలకు" అంది. 2014లో దీపావళి అక్టోబరు 23న. నవంబరు మొదటి వారంలో పుట్టిన పిల్లకు ఆధార్ తీసినప్పుడు ఎవరో జనవరి 1 వేసి వదిలేశారు. తేదీ సరిగ్గా చెప్పలేని తల్లిదండ్రుల పిల్లల కార్డుల్లో ఈ జనవరి 1 చాలా కనిపిస్తుందని తర్వాత హెడ్ మేడమ్ చెప్పారు. బడి రిజిస్టరులోనూ ఆధార్ చూసి అదే తేదీ ఎక్కించారు.

ఆధార్‌లో తేదీ మారాలంటే జనన ధ్రువీకరణ పత్రం కావాలి. పాప పుట్టింది వాళ్ల ఊరికి దగ్గరి పట్టణంలో, ప్రభుత్వాసుపత్రిలో. అప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు ఉందా అంటే, "అత్త పెట్టెల ఉంటదేమో" అంది. క్రిస్మస్ సెలవులో ఆమె ఊరికెళ్లింది. ఆడవాళ్లకు ఆర్టీసీలో ప్రయాణం ఉచితం కాబట్టి కాగితాల పనికి ఊరికి వెళ్లాల్సిన ప్రతిసారీ ఆమే వెళ్లింది. ఆయన వెళ్తే రానూపోనూ చార్జీలు, పైగా ఇక్కడ గేటు దగ్గర మనిషి ఉండడు. ఈ ఉచిత బస్సు లేకపోయి ఉంటే మధ్యలోనే వదిలేసేవాళ్లేమో అని నాకు చాలాసార్లు అనిపించింది.

కార్డు దొరికింది. దాని మీద తేదీ, ఆసుపత్రి ముద్ర బాగానే ఉన్నాయి. పత్రం ఇవ్వాల్సింది ఊరి పంచాయతీ కాదు, కాన్పు జరిగిన పట్టణ మున్సిపాలిటీ. ఇది చాలామందికి తెలియదు. ఆమె కూడా ముందు పంచాయతీకే వెళ్లింది, ఒక పూట పోయింది. మున్సిపాలిటీలో వెతికితే పుట్టుక నమోదై ఉంది, కానీ పేరు దగ్గర ఖాళీ. ఆడశిశువు అని మాత్రమే ఉంది. కాన్పు కాగానే ఆసుపత్రి వాళ్లు వివరాలు పంపుతారు, అప్పటికి పేరు పెట్టరు కదా. తర్వాత వెళ్లి పేరు చేర్పించుకోవాలని ఎవరూ చెప్పలేదు. పేరు చేర్చడానికి మళ్లీ దరఖాస్తు, తల్లిదండ్రుల ఆధార్ జిరాక్సులు, ఆలస్య రుసుము. డిసెంబరు 30న దరఖాస్తు ఇస్తే జనవరి 9న పత్రం చేతికొచ్చింది.

అదే రోజు ఆమె మీసేవలో కుల, ఆదాయ పత్రాలకు కూడా దరఖాస్తు చేసింది. మీరు హైదరాబాద్‌లోనే ఉంటున్నారుగా, ఇక్కడే తీసుకోవచ్చుగా అని మా పక్క ఫ్లాట్ ఆవిడ అడిగారు. వాళ్ల ఆధార్‌లో చిరునామా ఊరిదే. అందుకని రెండూ సొంత మండలం తహసీల్దార్ నుంచే రావాలన్నారు. వలస వచ్చిన కుటుంబాలకు ఇదే పెద్ద చిక్కు. బతికేది ఒకచోట, కాగితం పుట్టేది ఇంకోచోట.

ఆదాయానికి రేషన్ కార్డు జత చేయమన్నారు. కార్డులో భార్యాభర్తల పేర్లున్నాయి, పాప పేరు లేదు. అప్పటికి కొత్త పేర్లు ఏళ్ల తరబడి ఎక్కలేదని అందరికీ తెలిసిందే. పాప వాళ్ల కూతురేనని చూపడానికి అప్పుడే చేతికొచ్చిన జనన పత్రమే పనికొచ్చింది. అది ఆ ఉదయం రాకపోయి ఉంటే ఈ దరఖాస్తు కూడా ఆగేది.

తర్వాత సంక్రాంతి. ఆ వెంటనే జనవరి 21 నుంచి 24 దాకా ఊరూరా గ్రామసభలు. రెవెన్యూ సిబ్బంది అంతా అక్కడే. మా దరఖాస్తు స్థితి చూస్తే రోజూ అదే మాట, విచారణలో ఉంది. ఆఫీసులో పని మధ్యలో కూడా ఫోన్ తీసి చూసేదాన్ని. ఫిబ్రవరి మొదటి వారంలో గురుకులం దరఖాస్తు గడువు ముగుస్తుంది. ఆ పది రోజులు ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. నా సొంత పిల్లల అడ్మిషన్లకు ఇంత ఆందోళన లేదు. వాళ్లకు ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. ఈ పిల్లకు వేరే ఏముంది?

ఈలోపు ఆధార్. జనవరి 18న, శనివారం, పాపనూ తల్లినీ తీసుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లాను. ఉదయం ఎనిమిదికి వెళ్తే టోకెన్ దొరికింది, మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. ఐదేళ్లు నిండాక తీయాల్సిన వేలిముద్రలు కూడా ఆ పాపవి తీయలేదని అక్కడే తెలిసింది. ముద్రలూ తేదీ మార్పూ కలిపి వంద రూపాయలు తీసుకున్నారు. మూడు నెలల దాకా పట్టొచ్చు అని రసీదు ఇస్తూ చెప్పారు. ఆ మాటకు నా గుండె జారిపోయింది. అదృష్టం, జనవరి 30న మారిన తేదీతో మెసేజ్ వచ్చింది. ముందు రోజే కుల, ఆదాయ పత్రాలు కూడా వచ్చాయి. బడి రిజిస్టరులో తేదీ సరిచేయడానికి హెడ్ మేడమ్ పై అధికారికి రాసి మాకోసం తిరిగారు. ఆవిడకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

ఫిబ్రవరి 1న ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాం. రుసుము వంద. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫోన్ నంబరు ఎవరిది ఇస్తున్నారో చూసుకోండి. వాచ్‌మన్ ఫోను నెలలో సగం రోజులు రీచార్జి లేకుండా ఉంటుంది. సమాచారం అంతా ఆ నంబరుకే వస్తుంది. వాళ్లను అడిగి నా నంబరు ఇచ్చాను. ఇప్పటికీ ఆ స్కూలు మెసేజ్‌లు నాకే వస్తాయి, నేను కిందికి వెళ్లి చెబుతాను. దరఖాస్తులో పెట్టిన ఫొటో కాపీలు ఒక డజను దగ్గర ఉంచుకోండి, మే, జూన్‌లలో మళ్లీ అవే అడుగుతారు.

ఇక చదువు. నవంబరులో సమగ్ర కుటుంబ సర్వేకు టీచర్లు వెళ్లడంతో ప్రాథమిక బడులు మధ్యాహ్నం దాకే నడిచాయి. పాపకు పాఠాలు సగంలో ఉన్నాయి. పరీక్ష వంద మార్కులకు. తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, కొంచెం మెంటల్ ఎబిలిటీ. నాలుగో తరగతి స్థాయే. పాప లెక్కల్లో చురుకు. వాళ్లమ్మ జీతాల లెక్క, పాల లెక్క అంతా తనే చూస్తుంది. భాగాహారం నోటితో చేసేస్తుంది, కాగితం మీద మెట్లు వేయమంటే తడబడుతుంది. ఇంగ్లిష్ మాత్రం అక్షరాలు కూడబలుక్కుని చదివే స్థితి. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా మా డైనింగ్ టేబుల్ మీద కూర్చోబెట్టి చెప్పాను. ఇంటర్ చదివే మా అబ్బాయి ఇంగ్లిష్ చూశాడు.

నేను ఊహించని సంగతి ఓఎమ్మార్ షీటు. ఆ పిల్ల జీవితంలో గుండ్రాలు దిద్దిన పరీక్ష రాయలేదు. మొదటిసారి ఇచ్చినప్పుడు జవాబు తెలిసిన ప్రశ్నల్లో కూడా ఒక వరస కిందికి జరిగి దిద్దుకుంటూ పోయింది. అంటే వచ్చిన మార్కులన్నీ పోయినట్టే. షీటు జిరాక్సులు తీయించి రోజూ ఒకటి దిద్దించాం. ప్రశ్న నంబరు మీద ఎడమచేతి వేలు పెట్టుకుని కుడిచేత్తో దిద్దడం అలవాటు చేశాం. పిల్లలకు ఎవరైనా చెప్పేవాళ్లుంటే పాఠాలకన్నా ముందు ఇది చెప్పమంటాను. ఈ పరీక్షకు, నవోదయకు కోచింగ్ ఇచ్చే సెంటర్లు ఉన్నాయి. ఫీజు కట్టగలిగిన వాళ్ల పిల్లలు అక్కడ నెలల తరబడి ఇదే సాధన చేసి వస్తారు. పేద పిల్లల కోసం పెట్టిన సీటు దగ్గర కూడా వెనకబడేది బాగా పేద పిల్లలే కావడం నాకు చాలా బాధ అనిపించింది.

ఫిబ్రవరి 23, ఆదివారం, ఉదయం 11 నుంచి ఒంటి గంట దాకా పరీక్ష. సెంటరు మా ఇంటికి చాలా దూరం. రెండు బస్సులు మారాలి. ఆలస్యం అవుతుందేమోనని ఆటో మాట్లాడాం, రానూపోనూ ఆరు వందలు. పాప ముందు రోజు రాత్రి నుంచీ ఏమీ తినలేదు. గేటు దగ్గర లోపలికి వెళ్తూ వెనక్కి చూడలేదు. బయట చెట్టు కింద కూర్చున్న తల్లిదండ్రుల్లో సగానికి సగం కూలీలు, ఆటోవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. ఆ రెండు గంటల్లో నేను విన్నవన్నీ కాగితాల కథలే. ఒకాయన కూతురి ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, బడిలో ఒకలా ఉందట. ఇంకొకామెకు భర్త లేడు, ఆదాయ పత్రానికి ఎవరి పేరు మీద రాయాలో చెప్పేవాళ్లు లేక వారం తిరిగిందట. పాప బయటికొచ్చి "ఆంటీ, వేలు పెట్టుకునే దిద్దిన" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేసవి సెలవులకు ముందే మొదటి జాబితా వచ్చింది. పాప పేరు లేదు. పాప ఏడవలేదు. "అయితే ఈ బడిలోనే ఐదు చదువుతా" అంది. తల్లి మాత్రం నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు. చేరని వాళ్ల సీట్లు తర్వాతి విడతల్లో ఇస్తారని నేను చెప్పాను కానీ, ఎప్పుడు, ఎన్ని అన్నది చెప్పలేకపోయాను. ఈ నిరీక్షణే అన్నిటికన్నా కష్టం. పరీక్ష అయితే ఏదో చేస్తున్నాం అనిపిస్తుంది. ఇప్పుడు చేయడానికి ఏమీ లేదు.

మే నెలాఖరులో ఒక సాయంత్రం నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. బీసీ గురుకులంలో సీటు. మా ఇంటి నుంచి బస్సులో రెండు గంటలకు పైనే. కిందికి పరుగెత్తి చెబితే ఆయన నమ్మలేదు, రెండుసార్లు చదివించుకున్నాడు. ఆమె మొదట నవ్వింది, తర్వాత కూర్చుండిపోయి, "ఇప్పుడు నిజంగ పంపాల్నా మేడమ్" అంది. అప్పటిదాకా కాగితాల వెంట పడి పిల్లను దూరంగా పంపుతున్నామన్న సంగతి మేమెవ్వరం మాట్లాడుకోలేదు. పదేళ్ల ఆడపిల్ల. రాత్రి తల్లి పక్కన తప్ప పడుకోలేదు. ఆ రాత్రి వాళ్లిద్దరూ గొడవపడ్డారు కూడా. నేనేమీ ఒత్తిడి చేయలేదు. రెండు రోజుల తర్వాత పాపే చెప్పింది, వెళ్తానని.

చేరడానికి కొద్ది రోజులే గడువు. టీసీ కావాలి, బడేమో ఏప్రిల్ 24 నుంచి సెలవు. హెడ్ మేడమ్ వాళ్ల ఊళ్లో ఉన్నారు. ఫోన్ చేస్తే బస్సెక్కి వచ్చి బడి తాళం తీసి టీసీ, బోనఫైడ్ రాసిచ్చారు. సీటు వచ్చే ఆశ ఉన్నవాళ్లు సెలవులు ఇచ్చే ముందే హెడ్మాస్టరు ఫోన్ నంబరు తీసుకుని ఉంచుకోండి. ఇంకోటి, ఆరోగ్య పత్రం. ప్రభుత్వ డాక్టర్ సంతకం, బ్లడ్ గ్రూపు కావాలన్నారు. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే అయింది, ఒక పూట పట్టింది. తండ్రి చేతికి అన్ని కాగితాలూ ఒక ఫైల్లో పెట్టి ఇచ్చాను. ఒరిజినల్స్ ఇచ్చేముందు ప్రతిదీ ఫొటో తీసుకున్నాం.

పుస్తకాలు, యూనిఫాం, పడక అన్నీ స్కూలు వాళ్లే ఇస్తారు, కానీ మొదటి రోజే అన్నీ చేతికి రావు. ట్రంకు పెట్టె, తాళం, బకెట్, మగ్గు, కంచం, గ్లాసు, దుప్పటి, చెప్పులు, నాలుగు జతల బట్టలు మనమే కొనుక్కుని వెళ్లాలి. వీటికే నాలుగు వేలు దాటింది. ఆటోలు, జిరాక్సులు, రుసుములు, ఊళ్లో తిండి, అన్నీ కలిపితే మొత్తం ఎనిమిది వేల దాకా తేలింది. ఆయన నెల జీతం తొమ్మిది వేలు. పైగా ఆమె ఊరికెళ్లిన రోజులకు రెండిళ్ల వాళ్లు జీతం కోశారు. బిల్డింగ్ గ్రూపులో నేను ఈ విషయం రాశాను. వాళ్లలో ఒకరు కోసిన జీతం తిరిగి ఇచ్చారు. పెట్టె, దుప్పటి మా అంతస్తు వాళ్లం కలిసి కొన్నాం. మిగతాది ఆయనే పెట్టుకున్నాడు, నేను ఇస్తానన్నా తీసుకోలేదు. సీటు ఉచితం అనే మాట నిజమే, అది చాలా పెద్ద సాయం. ఆ సీటు దాకా వెళ్లే ఖర్చు మాత్రం ఆ కుటుంబమే ముందుగా, చేతినుంచి పెట్టుకోవాలి. డబ్బుకన్నా వాళ్లకు ఎక్కువ కొరత పడింది పనిదినాలు. ఆఫీసుల వేళలు, వాళ్ల పని వేళలు ఒకటే.

జూన్ 12న బడులు తెరిచారు. ఆ వారాంతంలో అందరం కలిసి వెళ్లి దింపాం. ఒక హాలులో వరసగా ఇనుప మంచాలు, పైనో మంచం, కిందో మంచం. పాప పైది ఎంచుకుంది. అదే గదిలో నారాయణపేట పిల్ల ఒకతి ఉంది. మేం బయలుదేరేసరికి ఇద్దరూ పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని సర్దుకుంటున్నారు. బస్సులో తల్లి ఏడుస్తూనే ఉంది. నేను ఏం చెప్పినా అప్పుడు వినే స్థితిలో లేదు, పక్కన కూర్చున్నానంతే.

మొదటి నెల చాలా కష్టం, ఇది ముందే తెలిసుండాలి. స్కూలు ఫోను నుంచి వారానికోసారి మాట్లాడిస్తారు. ఫోన్ తీయగానే ఏడుపు. పొద్దున ఐదింటికి లేపుతున్నారని, స్నానానికి వరస అని, అమ్మ కావాలని. మూడో వారంలో తండ్రి తీసుకొచ్చేస్తానని బ్యాగు కూడా సర్దాడు. వార్డెన్ మేడమ్‌తో మాట్లాడాను. కొత్త పిల్లలందరూ ఇంతే, ఇప్పుడు వచ్చి కనిపిస్తే మళ్లీ మొదటికొస్తుంది, తల్లిదండ్రులు వచ్చే ఆదివారం దాకా ఆగమన్నారు. ఆగాం. జులైలో రెండో ఆదివారం వెళ్తే పాప కాస్త చిక్కింది, తలనిండా పేలు. తల్లి అక్కడే చెట్టు కింద కూర్చోబెట్టి గంటసేపు పేలు చూసింది. కానీ ఆ గంటలోనే పాప ఇంగ్లిష్ పుస్తకం తెచ్చి ఒక పేజీ ఆగకుండా చదివి వినిపించింది. వారానికి ఎన్నిసార్లు గుడ్డు పెడతారో, ఏ రోజు చికెనో వేళ్ల మీద లెక్కచెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఏడ్చింది. తీసుకెళ్లమని మాత్రం అడగలేదు.

పాత బడిలో పాప తరగతిలోనే ఇంకో అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న తాపీ మేస్త్రీ. ఆమెకు కుల పత్రం గడువులోపు రాక దరఖాస్తే పెట్టలేకపోయారు. ఇప్పుడు ఆ పాత బడిలోనే ఐదు చదువుతోంది. ఆరు నుంచి తొమ్మిది తరగతుల్లో మిగిలిన ఖాళీలకు కూడా గురుకులాలు పరీక్ష పెడతాయి. ఆరో తరగతికి ఆమెతో రాయిద్దామని హెడ్ మేడమ్, నేను అనుకున్నాం. కుల పత్రం ఆగస్టు మొదటి వారంలో వచ్చింది. ఆదాయ పత్రం ఏడాదే చెల్లుతుంది కాబట్టి దాన్ని నవంబరులో తీయిస్తాం. ఆధార్‌లో ఇంటిపేరు తేడా ఉంది, వచ్చే శనివారం ఆ పిల్లను తీసుకుని కేంద్రానికి వెళ్తున్నాను.